పైన పటారం చాలు: స్టీలు గిటార్ బారుకి పది మెరుపు చిట్కాలు

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. అలకడం చేతకానివాళ్లు పుట్టించిన మాట అది. నేను నలభై ఏళ్లుగా స్టీలు గిటార్ బారు తోముతున్నాను. వాయించడం సంగతి తర్వాత చెబుతాను, వీలుంటే చెప్పకుండా తప్పించుకుంటాను. తోమడంలో మాత్రం నాకు వంక పెట్టేవాళ్లు మా వీధిలో లేరు. ఆ అనుభవాన్ని నాతోనే కట్టెల్లో కలిపేయడం ఇష్టంలేక ఈ పది చిట్కాలు రాస్తున్నాను.

ముందుగా ఒక మనవి. బారు అనగానే మీకు సాయంత్రం ఏడు దాటాక జనం వెళ్లే బారు గుర్తొస్తే అది మీ తప్పు కాదు. మా ఆవిడ ఫోనులో వాళ్ల అన్నయ్యతో "ఏం చెప్పమంటావ్ అన్నయ్యా, పొద్దున లేస్తూనే బారు పట్టుకుని కూర్చుంటున్నారు" అంది. ఆయన ఆ రాత్రి బండికే బయల్దేరి వచ్చేశాడు. మనం మాట్లాడుకునేది ఒళ్లో పడుకోబెట్టి వాయించే గిటారు తీగల మీద జార్చే కడ్డీ గురించి.

మామూలు గిటారుకి తీగని వేలితో మెట్టు మీదికి నొక్కుతారు. దీనికి ఆ నొక్కుడు లేదు. తీగలు మెట్లకి తగలనంత ఎత్తులో ఉంటాయి. కడ్డీని వాటి మీద తేలిగ్గా ఆనించి ఎడమచేత్తో జార్చుకుంటూ పోవాలి. ఎక్కడ ఆనితే అక్కడ స్వరం. వీణకి ఇరవైనాలుగు మెట్లుంటే దీనికి పనికొచ్చే మెట్టు ఒక్కటే. అదీ మన చేతిలోనే ఉంటుంది, మనతోపాటు నడుస్తుంది. అంత ముఖ్యమైన వస్తువు కాబట్టే ఎంత తోమితే అంత మంచిదని నా సిద్ధాంతం.

కావలసినవి: నిమ్మకాయంత చింతపండు, గుప్పెడు కల్లుప్పు, ఇటుకపొడి, గిన్నెలు తోమే స్టీలు పీచు, నేల కడిగే యాసిడ్, కొబ్బరినూనె, 80 నంబరు ఉప్పు కాగితం, ఒక తాళాల గుత్తి, బోలెడంత తీరిక. గిటారు అవసరం లేదు.

1. బారు దేంతో చేశారో ఆరా తీయకండి

కొంతమందికి ప్రతిదానికీ పుట్టుపూర్వోత్తరాలు కావాలి. ఇది క్రోమ్ పూత వేసిన స్టీలా, నిండా స్టెయిన్‌లెస్సేనా, ఇత్తడా, గాజా, జిర్కోనియా పింగాణీయా అని అడుగుతారు. ఒక్కోదాని ఒళ్లు ఒక్కో తీరట, ఒకదానికి పనికొచ్చిన మందు ఇంకోదానికి విషమట. ఇన్ని తేడాపాడాలు మనకెందుకు? మా అమ్మమ్మ ఇత్తడి బిందెని చింతపండు వేసి తోమితే అందులో మొహం చూసుకుని బొట్టు పెట్టుకునేవాళ్లు. బిందెకి అచ్చొచ్చింది బారుకి అచ్చిరాదా?

మా అబ్బాయి దీనికీ అడ్డు తగిలాడు. ఇత్తడి మీద నల్లగా పట్టేది చిలుము, దాన్ని చింతపండు పులుపు కరిగిస్తుంది, అందుకే బిందె మెరుస్తుంది నాన్నా అన్నాడు. క్రోముకీ స్టెయిన్‌లెస్సుకీ ఆ చిలుమే పట్టదట. కంటికి కనపడనంత పల్చటి పొర ఒకటి గాలి తగలగానే తనంతట తానే ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుందట. కంటికి కనపడని పొరని నమ్ముకుని, ఎదురుగా కనపడే చింతపండుని వదులుకోమంటాడు. చదువులు ఇలా తగలడ్డాయి.

2. క్రోమ్ పూతని చలికాలపు రగ్గు అనుకోండి

అలంకారానికి వేసే క్రోమ్ పూత మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. దాని కింద నికెల్ పూత, దాని కింద అసలు స్టీలు. ఇది తెలిసినవాళ్లు పూత మీద మెత్తటి గుడ్డ తప్ప ఇంకేదీ ఆనించరు. పిరికివాళ్లు.

మీరు ఇటుకపొడి చల్లి, స్టీలు పీచు చుట్టి, పళ్లు బిగబట్టి తోమండి. మొదట్లో బారు నీలిఛాయ తిరిగిన తెలుపుగా ఉంటుంది. అది క్రోమ్. కొన్ని ఆదివారాలు గడిచాక అక్కడక్కడ పసుపుఛాయ తేలుతుంది. అది నికెల్. ఇంకొన్ని ఆదివారాలు శ్రద్ధగా చేస్తే ఎర్రటి చుక్కలు పొడుచుకొస్తాయి. అది తుప్పు. ఒక్క బారులో మూడు రంగులు చూసే భాగ్యం కొన్నదాన్ని కొన్నట్టు ఉంచుకునేవాళ్లకి ఎక్కడ దొరుకుతుంది?

3. కొస నుంచి కొసకి నిలువుగా తోమండి

ఇది నా ప్రత్యేకమైన పద్ధతి. కొబ్బరి కోరినట్టు బారుని ఎడమచేత్తో బిగించి పట్టుకుని, కుడిచేత్తో ఉప్పు కాగితం ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి లాగాలి. దీని ఫలితం దగ్గర్నుంచి చూస్తేగానీ తెలియదు.

బారు తీగలకి అడ్డంగా కూర్చుంటుంది, తీగల వెంట జారుతుంది. అంటే తీగ రాసుకునేది బారు గుండ్రం వెంట, పొడుగు వెంట కాదు. పొడుగునా గీతలు పడ్డాయా, తీగ ఆ గీతల్ని ఒక్కొక్కటే దాటుకుంటూ పోవాలి. పట్టాలు దాటే రిక్షాలో కూర్చుంటే ఎలా ఉంటుందో అలా. లావు తీగలు చూడండి, వాటి చుట్టూ సన్నటి తీగ చుట్టి ఉంటుంది. అసలే గరుకు. దాని మీద మీ గరుకు బారు జారిందంటే స్వరం కంటే ముందు 'జర్ర్' మని తోడు పాట మొదలవుతుంది. ఆంప్లిఫయర్ పెట్టుకున్నారా, ఇంకా శుభం, వీధి చివరిదాకా వినపడుతుంది.

నునుపు చేయక తప్పనప్పుడు బారుని లేత్ మీద తిప్పుతూ, చుట్టూ సమంగా, గుండ్రం వెంటే పాలిష్ పడితే ఈ చప్పుడంతా పోతుందని తెలిసినవాళ్లు అంటారు. పోతే ఇక మన కష్టం ఎవరికి వినపడుతుంది?

4. ఎక్కడ అరిగిందో అక్కడే ఇంకో నాలుగు పట్లు

పది తీగల పెడల్ స్టీలుకి వాడే బారు మూడుంపావు అంగుళాల పొడుగు, అంగుళానికి కాస్త తక్కువ మందం, పావుకిలోకి అటూ ఇటూ బరువు ఉంటుంది. ఒక కొస తుపాకీ గుండులా కోలగా ఉంటుంది, ఒక్క తీగనే మీటాల్సినప్పుడు దాన్ని ఆనిస్తారు. రెండో కొసన బొటనవేలు ఆనడానికి చిన్న గుంట. ఈ మొత్తం అందమంతా ఒక్క మాటలో ఉంది: ఈ చివర నుంచి ఆ చివరిదాకా మందం ఒక్కటే. అందుకే పది తీగల మీద పెడితే పదింటికీ ఒకేసారి తగులుతుంది.

నాకు ఈ ఏకరూపం నచ్చదు. ఎక్కువ మాసేది మధ్యలో కనక నేను మధ్యలోనే ఎక్కువ తోముతాను. ఆర్నెల్లు పట్టు వదలకుండా చేస్తే బారుకి నడుము వస్తుంది. అప్పుడు చివరి తీగలకి బారు తగులుతుంది, మధ్య తీగలకి అంతంతమాత్రం. ఆ మధ్యవి తుమ్మెదల్లా గీపెడతాయి. బారుని గాజు పలక మీద పెట్టి వెనకనుంచి లైటు వేస్తే నడుము ఎంత వచ్చిందో సందులోంచి వచ్చే వెలుతురే చెబుతుంది. కాబట్టి ఎట్టి పరిస్థితుల్లోనూ గాజు పలక మీద పెట్టకండి.

5. కెకుకు చేసిన పొరపాటు మీరు చేయకండి

హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అని ఒక కుర్రాడు ఉండేవాడు. 1889 ప్రాంతంలో రైలు పట్టాల పక్కన దొరికిన బోల్టుని గిటారు తీగల మీద జార్చి, ఆ మూలుగుకి మోజుపడి ఈ వాద్యానికి ఆద్యుడయ్యాడని చెప్పుకుంటారు. అంతకు ముందే గాబ్రియెల్ డేవియన్ అనే అతను, ఇండియాలో పుట్టి అక్కడికి చేరినవాడు, ఇలాంటి పని చేసేవాడని ఇంకో కథ. ఎవరు ముందన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు.

నా గొడవల్లా బోల్టు గురించి. బోల్టుకి మరలుంటాయి. ఆ మరలన్నీ తీగ మీద బరబరా రాసుకుంటుంటే ఎంత నిండుగా ఉండి ఉంటుంది! కెకుకు దాంతో తృప్తిపడలేదు. దువ్వెన చూశాడు, కత్తి వీపు చూశాడు, చివరికి హోనలులులో తను చదివే కమేహమేహా స్కూలు వర్క్‌షాపులో నున్నటి స్టీలు కడ్డీ తయారు చేయించుకున్నాడు. 1904లో ఆ పద్ధతి పట్టుకుని అమెరికాకి వెళ్లాడు. ఆ తర్వాత ప్రపంచమంతా నున్నటి కడ్డీల వెంట పడింది. ఈ వాద్యం చరిత్రలో మొట్టమొదటి పెద్ద పని గరుకుని నునుపు చేయడమైతే, నా 80 నంబరు ఉప్పు కాగితం నునుపుని మళ్లీ గరుకు చేసి, బోల్టు నాటి వైభవాన్ని తిరిగి తెస్తోంది.

6. యాసిడ్ స్నానం వారానికొకసారి

నేల కడిగే యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. క్రోమ్ దానికి ఇట్టే కరుగుతుంది. బుడగలొస్తాయి, నీళ్లకి పచ్చదనం తిరుగుతుంది, చూడ్డానికి పండగలా ఉంటుంది. స్టెయిన్‌లెస్ బారు అయితే అంత త్వరగా లొంగదు. దానికి కల్లుప్పు నీళ్లలో రాత్రంతా నానబెట్టే చికిత్స ఉంది. ఉప్పులోని క్లోరైడు ఆ కనపడని పొరని అక్కడక్కడ పొడుచుకుని లోపలికి దిగి, సూదిమొనంత గుంటలు తవ్వుతుంది. ఒక్క రాత్రికి తెల్లారకపోతే మర్నాడు కూడా ఉంచండి. ఓపిక ముఖ్యం.

7. సానపట్టేవాడికి ఇవ్వండి

ఇది నేను స్వయంగా చేసి చూసిన చిట్కా. రిటైరయ్యాక విశాఖపట్నంలో ఇల్లు తీసుకున్నాం. ఓ ఉదయం 'కత్తులు, కత్తెర్లు సాన' అని కేక వినపడింది. సైకిలుకి స్టాండు వేసి, పెడల్ తొక్కితే ముందున్న సానరాయి తిరిగే ఏర్పాటు. పరుగున వెళ్లి బారు చేతిలో పెట్టాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎండకి పెట్టి చూసి, బరువు తూచాడు.

"ఏటి బాబూ ఇది? పదునెక్కడెట్టమంటారు?"

"పదును అక్కర్లేదు, మెరవాలి."

"మెరుపుకి రాయెందుకు బాబూ, గుడ్డ చాలదా? చాకుకో మొహం, కత్తెరకి రెండు మొహాలు. గుండ్రంగా ఉన్నదానికి ఎన్ని మొహాలని ఎట్టను?"

నేను డబ్బులిచ్చేవాణ్ని. నాకే ఎదురు ప్రశ్నలా? "నీకు చెప్పిన పని చెయ్యి" అన్నాను. అతను పెదవి విరిచి తొక్కడం మొదలెట్టాడు. నిప్పురవ్వలు లేచాయి. నలుగురు పిల్లలు పోగయ్యారు. బారు కాలిపోతుంటే తడిగుడ్డ చుట్టి పట్టుకుని, ఒక పక్క అయ్యాక ఇంకో పక్క, అది అయ్యాక మరో పక్క. చివరికి చేతికి వచ్చింది. మెరుపు చూడండి, ఒక్కో పలక ఒక్కో అద్దం. పలకలు తొమ్మిది. పాఠశాల పెన్సిలుకి ఆరే ఉంటాయి.

లోపలికి తెచ్చి తీగల మీద పెట్టాను. ఈ వాద్యంలో స్వరాన్ని వణికించాలంటే బారుని కాస్త ముందుకీ వెనక్కీ ఆడించాలి. గుండ్రటి బారు నీళ్ల మీద పడవలా ఊగుతుంది. నాది ఊగలేదు. ఒక పలక మీంచి ఇంకో పలక మీదికి మెట్లు దిగినట్టు దిగింది. టిక్, టిక్, టిక్. రాగానికి తాళం కూడా బారే వేసిపెట్టింది. అటు చూస్తే సానపట్టేవాడు డబ్బులు జేబులో వేసుకుని నావంక జాలిగా చూస్తున్నాడు. కళాహృదయం లేని మనిషి.

8. నూనె దండిగా రాయండి

మా నాన్నకి ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం. బెంగాల్లోని ఊరే అయినా రైల్వే కాలనీల్లో తెలుగు వినపడని సందు ఉండేది కాదు. ఆ రోజుల్లో బెంగాలీ ఇళ్లలో హార్మోనియం పక్కన హవాయన్ గిటారు కూడా ఉండేది. హవాయి నుంచి వచ్చిన టౌ మో కుటుంబం 1940ల్లో కలకత్తాలో ఉండి ఆ మోజుని నాటి వెళ్లిందంటారు. తర్వాత సునీల్ గంగూలీ రికార్డులు ప్రతి పండగ పందిట్లోనూ మోగేవి. అలా నన్నూ ఒక మాస్టర్‌మొశాయ్ దగ్గర చేర్చారు.

ఆయనకి బారుని చూసుకోవడం బొత్తిగా రాదు. ఎవరో టర్నరు లేత్ మీద తీసిచ్చిన స్టెయిన్‌లెస్ కడ్డీ ఒకటుండేది. వాయించడం అవగానే జేబురుమాలు తీసి ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరిదాకా తుడిచి, అదే రుమాల్లో చుట్టేసేవారు. చెమట బాగా పట్టిన వేసవిలో మాత్రం, సూది గుచ్చే ముందు రాసే స్పిరిట్ రెండు చుక్కలు రుమాలుకి అద్దుకునేవారు. అంతే. ఒకసారి నేను ఉత్సాహం పట్టలేక ముగ్గుపిండి తెచ్చి తోమబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"మోఛో బాబా, ఘొషో నా" అన్నారు. తుడువు నాన్నా, తోమకు.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. ముగ్గుపిండి ఖర్చు మిగుల్చుకోవడానికి అన్నారనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. వేళ్ల చెమటలోని ఉప్పూ జిడ్డూ బారు మీద ఉండిపోకూడదు, అంతకు మించి దానికి ఏ వైద్యమూ అక్కర్లేదన్నది ఆయన వాదం. అంత సులువైన పనికి గురువెందుకు, చిట్కాలెందుకు?

కాబట్టి మీరు తుడవకండి, కొబ్బరినూనె రాయండి. చుట్టు తీగల సందుల్లోకి నూనె దిగి, దాని మీద దుమ్ము కూర్చుని, తీగల గొంతు వారంలో బొంగురుపోతుంది. కొత్త తీగలు కొనుక్కునే అవకాశం వస్తుంది. పావుకిలో బరువున్న నున్నటి కడ్డీకి నూనె రాస్తే ఎక్కడికి జారుతుందో నేను చెప్పక్కర్లేదు. నా కుడికాలి బొటనవేలి గోరు చెబుతుంది.

9. తాళాల గుత్తితో కలిపి దాచండి

బారుకి విడిగా మెత్తటి సంచీ కుట్టించడం దండగ. గిటారు పెట్టెలో తాళాల గుత్తి, చిల్లర, ఇనప వేలితొడుగులు, అన్నిటి మధ్యా పడేయండి. ఆటోలో గంట ప్రయాణంలో ఒకటికి పది సొట్టలు పడతాయి. కోల కొసకి తగిలితే మరీ మంచిది, ఒక్క తీగ వాయించేటప్పుడు ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఇంట్లో ఉన్నప్పుడు బల్ల అంచున పెట్టండి. గుండ్రటి వస్తువు ఎటు పోవాలో దానికి తెలుసు. వానాకాలంలో, మాలాంటి సముద్రపు ఊళ్లలో, తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచీలో బిగించి కట్టండి. క్రోమ్ ఎక్కడ పెచ్చు లేచిందో అక్కడ తేమ దూరి, లోపలి స్టీలు తుప్పుపట్టి, పూతని కిందనుంచి ఎత్తుతుంది. ఎత్తిన పెచ్చు అంచు బ్లేడులా ఉంటుంది, వేలు తెగుతుంది, తీగ కూడా తెగుతుంది. పెచ్చులేచిన బారు పని అయిపోయినట్టే, మార్చేయమంటారు. నేను గోళ్ల రంగు పూశాను. మా ఆవిడ దగ్గర ఎరుపే ఉంది.

10. చెవితో పరీక్షించకండి

బారు బాగుందో లేదో చూడ్డానికి కొందరికి రెండు పరీక్షలున్నాయి. ఒకటి, వేలిగోటిని బారు మీద మెల్లగా నడిపించడం. గోరు ఎక్కడ ఆగితే తీగ కూడా అక్కడ ఆగుతుంది. రెండు, చుట్టు తీగ ఒకదాని మీద బారుని మొదటి మెట్టు గీత నుంచి పన్నెండో గీత దాకా నెమ్మదిగా జార్చుతూ, కళ్లు మూసుకుని వినడం. స్వరం తప్ప ఇంకేమీ వినపడకపోతే బారు బాగున్నట్టు. మెరుపు ఎంతుందో ఎవరూ చూడరు. మసకబారినా మోగితే చాలట!

నా పరీక్ష ఒక్కటే. బారుని కిటికీ దగ్గర పెట్టి మీసం దువ్వుకోండి. పాయ తిన్నగా కనపడితే ఇవాళ్టి సాధన పూర్తయినట్టు.

చివరగా ఒక హెచ్చరిక. స్టెయిన్‌లెస్ బారుని తిరిగి బాగుచేయగలిగే దుర్మార్గులు కూడా ఉన్నారు. లేత్ మీద తిప్పుతూ 600 నంబరు వాటర్ పేపరుతో మొదలెట్టి, 1000, 1500, 2000 అంటూ మెత్తదనం పెంచుకుంటూ పోయి, ఆఖర్న పాలిష్ పేస్టు పట్టిస్తారట. ముందటి కాగితం గీతలు పూర్తిగా మాసేదాకా తర్వాతి దానికి వెళ్లరట. నేను 2000తో మొదలెట్టి 80తో ముగిస్తాను. పెద్ద నంబరు నుంచి చిన్న నంబరుకి రావడం వినయం.

పాఠకుల సందేహాలు

గోటువాద్యం కడ్డీకి కూడా ఇవే చిట్కాలు వాడొచ్చా?

ఆ వాద్యంతో నేను విసిగిపోయాను. మెట్లు లేని ఆ వీణ మీద పూర్వం ఎబొనీ కర్ర ముక్క జార్చేవాళ్లు. చిత్రవీణ రవికిరణ్ అయితే టెఫ్లాన్ కడ్డీకి మారిపోయారు. కర్ర మెరవదు, టెఫ్లాన్ తోమనివ్వదు. అయినా త్యాగరాజ కీర్తనలోని తెలుగు మాటలు అక్షరం అక్షరం వినపడేలా పలికిస్తారు. ఎలా సాధ్యమో నాకు అంతుపట్టలేదు.

పెద్ద విద్వాంసుల బార్లు ఎలా మెరుస్తాయి?

1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'లో బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు విన్నాను. 1994లో గ్రామీ అందుకున్న విశ్వమోహన్ భట్ మోహన వీణ విన్నాను. చెవి పెట్టి ఎంత విన్నా అందులో కడ్డీ అనేది ఒకటుందని తెలియదు. మనిషి గొంతు పాడినట్టు ఉంటుంది. అంత కష్టపడి చేయించుకున్న వస్తువు ఉన్నట్టే తెలియకపోతే ఏం లాభం? నా బారు అలా కాదు, మొదటి స్వరానికే తన పేరు తనే చెప్పుకుంటుంది.

బారు తోమడానికి రోజూ ఎంతసేపు కేటాయించాలి?

సాధన చేద్దామనుకున్నంతసేపూ. ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ని లోకం నవ్వింది. అతను చేసిన తప్పల్లా ఓడు అని ఊరుకోవడమే. మద్దెలని తోముతూ కూర్చుని ఉంటే ఎవరూ ఆడమని అడిగేవాళ్లు కాదు.

మొన్న ఖరగ్‌పూర్ నుంచి పార్శిల్ వచ్చింది. మాస్టర్‌మొశాయ్ పోయి చాలా ఏళ్లయింది. ఇల్లు ఖాళీ చేస్తుంటే దొరికిందని, నాకు ఇస్తే బాగుంటుందని వాళ్ల ఇంటివాళ్లు పంపించారు. విప్పితే అదే రుమాలు, అదే కడ్డీ. నేను ఊహించినట్టే, చూసుకునే దిక్కులేక రెండు కొసలూ పాత రూపాయి బిళ్లలా మసకబారి ఉన్నాయి. తీగలు తగిలే మధ్యభాగం మాత్రం నాలుగు వేళ్ల వెడల్పున, ఎవరూ తోమకుండానే, తడిసిన గులకరాయిలా నున్నగా ఉంది. పాపం, అన్నేళ్లలో ఆయనకి ఒక్క ఆదివారం తీరిక దొరకలేదు. సాయంత్రాలన్నీ వాయించడానికే పాడుచేసుకున్నారు.

గురువు రుణం తీర్చుకోవాలి కదా. నిన్న మధ్యాహ్నం చింతపండు నానబెట్టాను. ఇటుకపొడి జల్లించాను. 80 నంబరు కాగితం కొత్తది చింపాను. మొదలెట్టే ముందు ఎంత గరుకుందో చూద్దామని గోటిని నడిపించాను. గోరు ఎక్కడా ఆగలేదు. సరే, తీగ మీద కూడా ఒకసారి చూద్దామని గిటారు దించి, దుమ్ము దులిపి, శ్రుతి చేసి, కడ్డీ ఆనించి మెల్లగా జార్చాను.

కళ్లు తెరిచేసరికి గదిలో దీపం వెలిగించి ఉంది. గుమ్మం దగ్గర మా ఆవిడ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ చింతపండు మధ్యాహ్నం నుంచీ నానుతోంది. చారులో పోసేశాను" అంది.

పోనీలెండి. వచ్చే ఆదివారం తోముతాను.